ప్రొబేషన్ పర్యవేక్షణ: అల్లపల్లి, సిరొంచ సరిహద్దు ప్రాంతం

నేరం రుజువైన వ్యక్తిని జైలుకు పంపకుండా, సత్ప్రవర్తనకు పూచీకత్తు రాయించుకుని, కోర్టు నియమించిన అధికారి కనిపెట్టి ఉండగా సొంత ఊళ్లోనే ఉంచే పద్ధతిని ప్రొబేషన్ అంటారు. భారతదేశంలో దీనికి ప్రధాన ఆధారం 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం. ఈ వ్యాసం ఆ పద్ధతి సాధారణ స్వరూపాన్ని, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణ భాగంలో, అంటే తెలుగు వ్యవహారంలో ఉన్న సిరొంచ, అల్లపల్లి, అహేరి ప్రాంతంలో అది ఎదుర్కొనే పరిస్థితులను వివరిస్తుంది.

నిర్వచనం, సమీప భావనలు

ప్రొబేషన్‌ను బెయిలుతోనూ పెరోల్‌తోనూ కలిపి మాట్లాడటం పరిపాటి. ఈ మూడూ వేరు. బెయిలు సాధారణంగా విచారణ తేలేదాకా ఇచ్చే విడుదల. అప్పటికి నేరం రుజువు కాలేదు. పెరోల్, ఫర్లో శిక్ష అనుభవిస్తున్న ఖైదీకి జైలు అధికారుల ద్వారా దొరికే తాత్కాలిక విడుదలలు. మహారాష్ట్రలో వీటికి 1959 నాటి నియమాలు ఆధారం. ప్రొబేషన్‌లో నేరం రుజువవుతుంది, కాని శిక్ష విధించడాన్ని కోర్టు ఆపి ఉంచుతుంది. గడువు సవ్యంగా ముగిస్తే ఆ శిక్ష ఇక పడదు. గడ్చిరోలి జిల్లాలో లొంగిపోయిన మావోయిస్టులకు మహారాష్ట్ర ప్రభుత్వం 2005 నుంచి అమలు చేస్తున్న పునరావాస పథకాన్ని కూడా కొందరు దీనితో కలుపుతారు. అది ప్రభుత్వ పథకం, కోర్టు ఉత్తర్వు కాదు.

ప్రాంత నేపథ్యం

సిరొంచ ప్రాణహిత ఒడ్డున, అది గోదావరిలో కలిసే చోటికి దగ్గరలో ఉంది. అవతలి గట్టున తెలంగాణలోని కాళేశ్వరం. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ పాలనకు వచ్చాక సిరొంచ కేంద్రంగా, సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో ఆ జిల్లాను రద్దు చేసి, భద్రాచలం వైపు తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీకి ఇచ్చి, సిరొంచను చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో కలిపారు. దాంతో ఈ ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనే ఉండిపోయి, 1950లో మధ్యప్రదేశ్‌కు, 1956లో బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు చెందింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లాను ఏర్పాటు చేశారు.

అల్లపల్లి టేకు అడవులకు పేరుపడిన ఊరు, అహేరి తాలూకాలో ఉంది. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి రోడ్డున సుమారు 200 కిలోమీటర్లు. అల్లపల్లి దాదాపు మధ్యలో వస్తుంది. ఇళ్లలో, సంతల్లో తెలుగు, మాడియా, గోండీ మాటలు వినిపిస్తాయి. కోర్టు వ్యవహారం మరాఠీలో నడుస్తుంది. ఈ దూరమూ ఈ భాషా భేదమూ కింద చెప్పబోయే పనితీరులో అడుగడుగునా అడ్డుపడతాయి.

చరిత్ర

అమెరికాలోని బోస్టన్‌లో చెప్పులు కుట్టే వృత్తిలో ఉన్న జాన్ ఆగస్టస్ 1841లో ఒక తాగుబోతు తరఫున కోర్టులో పూచీ నిలిచి, అతణ్ని దారికి తెచ్చాడు. ఆధునిక ప్రొబేషన్‌కు దీన్నే ఆరంభంగా చెబుతారు. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం జీతం మీద ప్రొబేషన్ అధికారిని నియమించుకునే చట్టం చేసింది. ఇంగ్లండ్‌లో 1887లో తొలి నేరస్థుల చట్టం, 1907లో పూర్తిస్థాయి ప్రొబేషన్ చట్టం వచ్చాయి.

భారతదేశంలో 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 562వ సెక్షన్ తొలి నేరస్థులను ముచ్చలిక (పూచీకత్తు పత్రం) మీద వదిలే వీలు కల్పించింది. అందులో పర్యవేక్షణ మాట లేదు. 1919–20 నాటి భారత జైళ్ల కమిటీ ప్రొబేషన్‌ను విస్తరించమని సిఫారసు చేసింది. 1931లో కేంద్ర ప్రభుత్వం అఖిల భారత బిల్లు తయారుచేసి రాష్ట్రాలకు పంపినా అది చట్టం కాలేదు. 1934లో ఎవరి చట్టం వారే చేసుకోవచ్చని చెప్పింది. ఆ మీదట మద్రాసు, సెంట్రల్ ప్రావిన్సెస్–బేరార్ 1936లోనూ, బొంబాయి, సంయుక్త రాష్ట్రాలు 1938లోనూ చట్టాలు చేశాయి. అంటే కోస్తా, రాయలసీమ తెలుగువారికి మద్రాసు చట్టం, సిరొంచ తెలుగువారికి సెంట్రల్ ప్రావిన్సెస్ చట్టం దాదాపు ఒకేసారి దక్కాయి.

పర్యవేక్షణ అన్న ఆలోచనకు తెలుగునాట మరో, చేదు చరిత్ర ఉంది. నేరస్థ తెగల చట్టాల (1871, 1911, 1924) కింద కొన్ని కులాలవారు ఏ నేరమూ రుజువు కాకుండానే పోలీసుకు హాజరు వేయించుకోవలసి వచ్చేది. అప్పటి గుంటూరు జిల్లా స్టూవర్టుపురంలో 1913లో మొదలై సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు అలాంటిదే. ఆ చట్టాన్ని దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దు చేశారు. అక్కడ పుట్టుకను బట్టి నిఘా. ప్రొబేషన్‌లో రుజువైన ఒక నేరానికి, నిర్ణీత గడువుకు, కోర్టు ఉత్తర్వు మీద పర్యవేక్షణ. ఈ తేడా స్పష్టంగానే ఉన్నా, సర్కారు మనిషి ఇంటికొచ్చి ఆరా తీస్తే జనానికి మొదట గుర్తొచ్చేది ఆ పాత నిఘాయేనని చెప్పక తప్పదు.

ఐక్యరాజ్యసమితి పంపిన అమెరికన్ నేరశాస్త్రవేత్త వాల్టర్ రెక్లెస్ 1951–52లో భారత జైళ్లను పరిశీలించి ప్రొబేషన్‌ను బలపరచమని చెప్పాడు. 1958 మే 16న కేంద్ర చట్టం వచ్చింది. రాష్ట్రాలు దాన్ని తమ ప్రాంతాల్లో వేర్వేరు తేదీల్లో అమలుకు తెచ్చుకునే వెసులుబాటును చట్టమే ఇచ్చింది.

విడుదల రకాలు

చట్టంలో మూడు దారులున్నాయి.

3వ సెక్షన్ కింద కోర్టు మందలించి వదిలేస్తుంది. దొంగతనం, మోసం వంటి పేర్కొన్న నేరాలకూ, రెండేళ్లకు మించని శిక్ష ఉన్న ఇతర నేరాలకూ ఇది వర్తిస్తుంది. ముందు శిక్ష పడి ఉండకూడదు. పర్యవేక్షణ ఉండదు.

4వ సెక్షన్ కింద సత్ప్రవర్తన ముచ్చలిక మీద విడుదల చేస్తారు. మరణశిక్ష గాని యావజ్జీవం గాని పడే అవకాశం లేని ఏ నేరానికైనా ఇది వీలవుతుంది. గడువు మూడేళ్లు దాటకూడదు. పూచీదారులను అడగడం, అడగకపోవడం కోర్టు ఇష్టం. పర్యవేక్షణ ఉత్తర్వు కావాలనుకుంటే విడిగా ఇస్తుంది; దాని కాలం ఏడాదికి తగ్గకూడదు. వాడుకలో ప్రొబేషన్ అనేది ఈ రెండో దారినే.

6వ సెక్షన్ 21 ఏళ్లు నిండనివారికి సంబంధించినది. యావజ్జీవ శిక్ష లేని నేరాల్లో వారిని జైలుకు పంపకుండా ఉండటమే నియమం. పంపాలంటే కోర్టు ప్రొబేషన్ నివేదిక తెప్పించుకుని కారణాలు రాయాలి. వయసును నేరం జరిగిన రోజు లెక్కన కాక, కోర్టు తీర్పు చెప్పే రోజు లెక్కన చూడాలని సుప్రీంకోర్టు 1960ల తొలినాళ్లలోనే తేల్చింది. కింది కోర్టు పట్టించుకోకపోతే అప్పీలు కోర్టు కూడా ఈ వెసులుబాటు ఇవ్వవచ్చు.

బాధితుడికి నష్టపరిహారం, కోర్టు ఖర్చులు చెల్లించమని 5వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. విడుదలకు ఇది షరతుగా ఉంటే బాధితుడి పక్షం కొంత సమాధానపడుతుంది. తక్కువగా వాడే సెక్షన్లలో ఇదొకటి కాకూడదు.

ప్రొసీజర్ కోడ్‌లోనూ (1973 కోడ్‌లో 360వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 401వ సెక్షన్) ఇలాంటి విడుదల ఉంది. దానికి ప్రొబేషన్ అధికారి అక్కర్లేదు. 1958 చట్టం అమల్లో ఉన్నచోట ఆ చట్టమే వర్తిస్తుందని, రెండూ పక్కపక్కన నడవవని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది.

వర్తించని నేరాలు

కొన్ని ప్రత్యేక చట్టాలు 18 ఏళ్లు దాటినవారికి ఈ దారిని మూసేశాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 19వ సెక్షన్, మాదకద్రవ్యాల చట్టం 33వ సెక్షన్ (స్వల్ప మినహాయింపులతో) అలాంటివి. లంచం కేసుల్లోనూ, చట్టం కనీస శిక్ష నిర్దేశించినందున, ప్రొబేషన్ కుదరదని 2004లో తీర్పు వచ్చింది. అయితే కనీస శిక్ష ఉన్నంత మాత్రాన అన్ని కేసుల్లోనూ ప్రొబేషన్ పోదని 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అల్లపల్లి వైపు ముఖ్యమైనది వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972). అభయారణ్యంలో గాని జాతీయ ఉద్యానంలో గాని వేటాడినవారికి 51వ సెక్షన్ ప్రకారం ప్రొబేషన్ లేదు. గడ్చిరోలి జిల్లాలో చప్రాల, భామ్రాగడ్ అభయారణ్యాలున్నాయి. 1927 నాటి అటవీ చట్టం కింద వచ్చే కట్టె నరుకుడు, రవాణా కేసులకు అలాంటి నిషేధం లేదు. అడవి ఒకటే, నేరం ఏ హద్దులో జరిగిందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

విచారణ నివేదిక

నేరం రుజువయ్యాక, శిక్ష చెప్పేముందు కోర్టు ప్రొబేషన్ అధికారి నుంచి నివేదిక కోరుతుంది. నిందితుడి ఇల్లు, చదువు, పని, సావాసాలు, అప్పులు, తాగుడు, ఊళ్లో పేరు, బాధితుడితో ఉన్న సంబంధం అందులో ఉంటాయి. అధికారి ఇంటికి వెళ్లి చూడాలి, ఇరుగుపొరుగుతో మాట్లాడాలి. 7వ సెక్షన్ ప్రకారం నివేదిక రహస్యం. కాని అందులోని సారాంశాన్ని కోర్టు నిందితుడికి తెలియజేసి, దానికి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వవచ్చు.

మహారాష్ట్ర గ్రామాల్లో ఈ ఆరా తరచు పోలీస్ పాటిల్ ఇంటి నుంచి మొదలవుతుంది. 1967 నాటి గ్రామ పోలీసు చట్టం కింద నియమితుడయ్యే ఈ గ్రామ ఉద్యోగి తెలంగాణ వైపు లేడు. పోలీస్ పాటిల్ మాట విలువైనదే, కాని అతనిదీ ఆ ఊరే, అతనికీ ఊరి కక్షలుంటాయి. మంచి నివేదిక అతని మాట దగ్గర ఆగదు.

తెలుగులో చెప్పింది మరాఠీలో రాయడం మరో చిక్కు. సాక్ష్యాన్ని నిందితుడికి అర్థమయ్యే భాషలో చెప్పాలని నాగరిక్ సురక్షా సంహిత కోరుతుంది. ప్రొబేషన్ నివేదికకు అంత స్పష్టమైన నిబంధన లేదు. ఎందుకు ఆ పని చేశావని అడిగితే తల్లి చెప్పిన నాలుగు మాటలు మరో భాషలోకి పోయి ఒక్క వాక్యమైతే, కోర్టుకు చేరేది ఆ వాక్యమే.

పర్యవేక్షణ నడిచే తీరు

13వ సెక్షన్ మూడు రకాల ప్రొబేషన్ అధికారులను గుర్తించింది: ప్రభుత్వం నియమించినవారు, గుర్తింపు పొందిన సంస్థ సమకూర్చినవారు, ప్రత్యేక పరిస్థితుల్లో కోర్టుకు తగినవాడని తోచిన మరెవరైనా. నేరస్థుడు నివసించే జిల్లా మేజిస్ట్రేటు అజమాయిషీ కింద వారు పనిచేస్తారు.

మహారాష్ట్రలో ఈ సర్వీసు మహిళా, శిశు అభివృద్ధి శాఖ కింద ఉంది. బొంబాయి రాష్ట్రకాలం నుంచి ప్రొబేషన్, అనంతర సంరక్షణ సంఘాలు కూడా ఇందులో పాలుపంచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బాలల సంక్షేమ, దిద్దుబాటు సేవల శాఖ కింద జిల్లా ప్రొబేషన్ అధికారులుంటారు. ఎక్కడైనా ఒకే అధికారి మీద పెద్దల కేసులు, పిల్లల కేసులు, ఇతర పథకాల పని కలిసి పడటం సామాన్యం.

క్రమం తెలియడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ. సిరొంచ తాలూకాలోని ఒక గ్రామంలో 23 ఏళ్ల కూలీ పొరుగింటి మోటారు పంపు ఎత్తుకెళ్లి అమ్మాడు. నేరం ఒప్పుకున్నాడు, ఇదే మొదటిసారి. కోర్టు నివేదిక తెప్పించుకుని, రెండేళ్ల ముచ్చలిక మీద విడిచిపెట్టి, ఏడాదిపాటు పర్యవేక్షణ ఉత్తర్వు ఇచ్చింది.

ఆ రోజు కోర్టులోనే షరతులు అతనికి విప్పి చెప్పాలి. ఉత్తర్వు ప్రతి అతనికీ, పూచీదారులకూ, అధికారికీ ఇవ్వాలి. ఇది 4వ సెక్షన్ విధించిన విధి. షరతులు సాధారణంగా ఇలా ఉంటాయి: ఫలానా ఇంట్లో ఉండాలి, చిరునామా మారితే చెప్పాలి, అధికారి పిలిచినప్పుడు రావాలి, కొన్ని సావాసాలు మానాలి, మత్తు ముట్టకూడదు, నిజాయతీగా బతకాలి, పరిహారం వాయిదాల్లో కట్టాలి. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది కనుక మత్తు షరతు మామూలు చట్టాన్నే మరోసారి చెప్పినట్టు. ఇప్పసారా ఇంటింటి వాడకమైన ఊళ్లలో మాత్రం ఆ షరతు ఎంత కఠినమో కోర్టుకు తెలియాలి. పండగ రోజు ఒక గుక్క తాగినా పత్రం ప్రకారం ఉల్లంఘనే.

తర్వాతి పని అధికారిది. 14వ సెక్షన్ అతనికి అప్పగించినవి: ప్రొబేషనర్‌ను పర్యవేక్షించడం, అవసరమైతే పని చూపించడం, పరిహారం కట్టడంలో సాయపడటం, సలహా చెప్పడం. మొదటి నెలల్లో తరచుగా కలవడం, కుదురుకున్నాక దూరం పెంచడం వృత్తి సంప్రదాయం. ఒక పూట వెళ్లి చూసి రావడానికి గడ్చిరోలి నుంచి సిరొంచ దాకా ప్రయాణమంటే రోజంతా పోతుంది. వానాకాలంలో వాగులు పొంగితే లోపలి ఊళ్లకు దారే ఉండదు. అందుకే ఆచరణలో పర్యవేక్షణ కోర్టు వాయిదా రోజున కలవడం, ఫోను చేయడం, పూచీదారు చెప్పే కబురు వినడంగా కుదించుకుపోయే ప్రమాదం ఉంది.

ఇక్కడే 13వ సెక్షన్‌లోని మూడో రకం అధికారి విలువ కనబడుతుంది. జిల్లా కేంద్రం నుంచి ఎవరూ రాలేనిచోట సిరొంచలోనో అల్లపల్లిలోనో ఉంటున్న, తెలుగూ మరాఠీ వచ్చిన రిటైర్డు ఉపాధ్యాయుణ్ని కోర్టు ఆ కేసుకు ప్రొబేషన్ అధికారిగా నియమించడానికి చట్టం అడ్డుచెప్పదు. 15వ సెక్షన్ ప్రకారం అలాంటి వ్యక్తి కూడా ప్రభుత్వ సేవకుడి కిందే లెక్క. ప్రత్యేక పరిస్థితి అని చట్టం అన్నదానికి ఇంతకు మించిన సందర్భం ఊహించడం కష్టం.

ప్రొబేషనర్ బాగా కుదురుకుంటే అధికారి నివేదిక మీద కోర్టు గడువుకు ముందే ముచ్చలికను రద్దు చేయవచ్చు. షరతులు మార్చవచ్చు, మొత్తం మూడేళ్లు మించకుండా గడువు పెంచవచ్చు. ఇవన్నీ 8వ సెక్షన్ కిందివి.

స్థిర నివాసం, రాష్ట్ర సరిహద్దు

4వ సెక్షన్ కింద విడుదల చేయాలంటే నేరస్థుడికో పూచీదారుకో స్థిర నివాసం గాని నికరమైన వృత్తి గాని ఉందని కోర్టుకు నమ్మకం కుదరాలి. అది కోర్టు పరిధిలో గాని, గడువు కాలంలో అతను ఉండబోయే చోట గాని ఉండవచ్చు.

సరిహద్దులో ఈ షరతుకు బరువెక్కువ. గడ్చిరోలి కూలీలు మిరప కోతల కాలంలో తెలంగాణ జిల్లాలకు కుటుంబాలతో వలస పోతారు. వేసవిలో తునికాకు కోతకు తిరిగొస్తారు. పెళ్లి సంబంధాలు ప్రాణహిత, గోదావరి రెండు గట్ల మీదా ఉంటాయి. సంవత్సరంలో కొన్ని నెలలు మేనమామ ఊరు, కొన్ని నెలలు సొంత ఊరు అయిన కూలీకి స్థిర నివాసం ఏది? చట్టంలోని ‘లేదా’ ఇక్కడ ఉపయోగపడుతుంది: నేరస్థుడికి లేకపోయినా పూచీదారుకు ఉంటే చాలు. అన్న, మేనమామ, లేదా భూమి ఉన్న రైతు పూచీ నిలిస్తే దారి తెరుచుకుంటుంది. పూచీదారు దొరకని భూమిలేని కూలీకే చిక్కు. నేరం చిన్నదైనా అతను జైలుకు పోయే అవకాశం ఎక్కువ.

వలస పోయే మనిషిని కదలవద్దనడం పర్యవేక్షణను బలపరచదు, కూడు చెడగొడుతుంది. మిరప కాలంలో ఏ మండలంలో ఏ రైతు దగ్గర ఉంటాడో ముందే రాయించుకుని, ఆ మేరకు షరతు పెట్టడం మేలైన పద్ధతి. అవతలి గట్టు తెలంగాణ. అక్కడి అధికారులు మరో రాష్ట్ర శాఖకు చెందినవారు. కాబట్టి ఇవతలి అధికారి ఒక ఉత్తరమో ఫోనో చేస్తే తప్ప వారికి సమాచారమే ఉండదు.

షరతుల ఉల్లంఘన

షరతు తప్పాడని అధికారి గాని మరెవరైనా గాని తెలిపితే కోర్టు సమను గాని వారంటు గాని ఇస్తుంది. తప్పు నిజమని తేలితే అసలు నేరానికి శిక్ష విధించవచ్చు. మొదటి తప్పయితే 50 రూపాయలు మించని జరిమానాతో ముచ్చలికను కొనసాగించవచ్చు. అది కట్టకపోతే అసలు శిక్ష పడుతుంది. ఈ 50 రూపాయలు 1958 నాటి అంకె, నేటికీ అదే. ఉల్లంఘన అనేది ఒక్క మెట్టు కాదన్నది గమనించాలి: సమావేశానికి రాకపోవడం ఒకటి, మరో నేరం చేయడం వేరొకటి. బస్సు దొరక్క రాలేదన్నది అల్లపల్లి రోడ్డు మీద సాకు కాకపోవచ్చు.

శిక్ష తాలూకు అనర్హతలు

12వ సెక్షన్ ప్రకారం 3 లేదా 4 కింద విడుదలైనవారికి శిక్షతో వచ్చే అనర్హతలు అంటవు. కాని నేరం రుజువైన సంగతి చెరిగిపోదు. ప్రభుత్వోద్యోగి మీద శాఖాపరమైన చర్యకు 12వ సెక్షన్ అడ్డుకాదని సుప్రీంకోర్టు 1975లోనూ 1990లోనూ చెప్పింది. పోలీసు, అటవీ ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టే యువకులు ఈ తేడా తెలియక ఇబ్బంది పడతారు.

బాలల విషయంలో

18 ఏళ్లు నిండనివారికి 1958 చట్టం కాక 2015 నాటి బాల న్యాయ చట్టం వర్తిస్తుంది. బాలుణ్ని మొదటిసారి ప్రవేశపెట్టిన 15 రోజుల్లో సామాజిక విచారణ నివేదిక బాల న్యాయ మండలికి అందాలి. తల్లిదండ్రుల దగ్గరో తగిన వ్యక్తి దగ్గరో మూడేళ్ల దాకా ప్రొబేషన్ మీద ఉంచవచ్చు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో న్యాయ, ప్రొబేషన్ అధికారి పోస్టు ఇందుకే ఉంది.

ఇతర దేశాల్లో

ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 నుంచి ప్రొబేషన్ పర్యవేక్షణ అంతా తిరిగి ప్రభుత్వ సర్వీసు చేతికి వచ్చింది; కొందరికి కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ కడతారు. అమెరికాలో ప్రొబేషన్ మీద ఉన్నవారి సంఖ్య జైళ్లలో ఉన్నవారికంటే ఎక్కువ. అక్కడున్న తెలుగువారికి తెలియవలసినది ఒకటుంది: నేరం ఒప్పుకుని ప్రొబేషన్‌తో బయటపడినా వలస చట్టం దాన్ని శిక్షగానే లెక్కిస్తుంది, వీసా, గ్రీన్‌కార్డు దెబ్బతినవచ్చు. ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబరులో ఆమోదించిన టోక్యో నియమాలు జైలుకు ప్రత్యామ్నాయాలకు అంతర్జాతీయ ప్రమాణం.

సమాజసేవ శిక్ష

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజసేవను తొలిసారిగా శిక్షల జాబితాలో చేర్చింది. 5,000 రూపాయలకు తక్కువ విలువైన వస్తువు దొంగిలించి, దాన్నో దాని విలువనో తిరిగి ఇచ్చిన తొలి నేరస్థుడికి, తాగి బహిరంగంగా గొడవ చేసినవారికి, పరువు నష్టం వంటి మరికొన్ని నేరాలకు ఇది వేయవచ్చు. సమాజానికి ఉపయోగపడే, కూలి లేని పని అని సురక్షా సంహిత 23వ సెక్షన్ నిర్వచించింది. వస్తువు విలువ ఆ హద్దులో ఉంటే, పై ఉదాహరణలోని పంపు దొంగతనం వంటివి ఈ కోవలోకీ రావచ్చు. ఆ పని ఎక్కడ, ఎన్ని గంటలు, ఎవరి అజమాయిషీలో చేయాలో రెండు సంహితల్లోనూ రాయలేదు. ప్రొబేషన్ అధికారి ప్రస్తావనా లేదు.